రెండు చుక్కలు, మూడు చుక్కలు

2019 మార్చి 4, సోమవారం

అచియా తోలే ట్రోట్రో, జనాన్ని ఎక్కించుకునే వ్యాన్, తాడు కట్టించుకుని వచ్చింది. మూడో పిస్టన్ పగిలింది, దాని రాడ్ వంగింది. బ్లాక్ మాత్రం గట్టిది. పాత పోత. ఈ కాలపు బ్లాకులు దాని ముందు రేకు డబ్బాలు. ఇంజిన్ మొత్తం మార్చేద్దామన్నాను. బ్లాక్ నెంబరు కాగితాల్లో ఉంది, మారితే ఆఫీసుల చుట్టూ నువ్వు తిరుగుతావా అంది అచియా. తిరగను. సరే, పాత బ్లాక్ ఉంచి, వాడిన పిస్టన్లు, రాడ్లు ఒక సెట్టు తెచ్చి వేస్తానన్నాను.

పోతూ పోతూ ఒక మాట విసిరింది. ఈసారి పేలిందనుకో, మీ మేనమామ షెడ్డుకే తోలుకుపోతానోయ్ అడూసే, అక్కడ అందరూ పౌడర్ పోయించుకున్న ఫిట్టర్లే, అని.

రాత్రి ఫుఫు ముద్ద సయించలేదు.

మార్చి 5

ఆ మాట నాకెందుకు గుచ్చుకుంటుందో మా మెకానిక్ పేట మ్యాగజైన్‌లో ప్రతి షెడ్డుకీ తెలుసు. పని నేర్చుకున్నవాడి నెత్తిన గురువు అందరి ముందూ తెల్ల పౌడర్ పోసి, ఇక పో, నువ్వు ఫిట్టర్‌వి అంటాడు. నాకు పోయలేదు. నా గురువు దంక్వా మామ, మా అమ్మ తమ్ముడు. 1998లో, నా పౌడర్‌కి ఇంకా నెల ఉందనగా, నేను బిగించిన బస్సు ఇంజిన్ ఎజిసు దగ్గర రాడ్ విరిగి బ్లాక్ చీల్చుకుని బయటికొచ్చింది. ఏ రాడ్ క్యాప్ ఆ రాడ్‌కే అని మొదటి రోజే చెప్పాను గదరా గుడ్డి వెధవా, రెండోదీ మూడోదీ తారుమారు చేశావు అని మామ గెంటేశాడు. మాలో మేనల్లుడే వారసుడు. ఆ షెడ్డు కూడా నాకు దక్కకుండా పోయింది.

తారుమారు చేసినట్టు నాకు గుర్తు లేదు. అందరూ అంటుంటే కొన్నాళ్లకి నేనూ నమ్మేశాను. ఇరవై ఒక్క ఏళ్లుగా రాడ్‌ని క్రాంక్‌కి పట్టించే ప్రతి క్యాప్ మూడుసార్లు చూసి బిగిస్తున్నాను.

మార్చి 6

మా దేశ స్వాతంత్ర్య దినం. షెడ్లు సగం మూత. సిలిండర్ల పైఅంచున కట్టిన గట్టు గీకాను. గీకకపోతే వచ్చే పిస్టన్ పై రింగు దానికి తగిలి విరుగుతుంది.

మార్చి 7

సెట్టు దొరికింది. అమ్మినవాడు రాడ్లూ క్యాపులూ విడదీసి ఒకే గోనెలో పడేశాడు. నాలుగు తిట్టాను. నవ్వాడు.

ఇంటికి తెచ్చి కిరోసిన్‌లో కడిగాక చూశాను. ప్రతి రాడ్ పక్కనా, ప్రతి క్యాప్ పక్కనా, ఏది దేని జతో తెలియడానికి పంచ్‌తో కొట్టిన చుక్కలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ప్రతి చుక్కకీ చిన్న తోక. దంక్వా మామ పంచ్ మొన చిట్లిపోయింది, అందుకే ఆ తోక. మ్యాగజైన్‌లో ఇంకెవరి చుక్కకీ తోక ఉండదు. అంటే ఇది ఒకప్పుడు మామ విప్పి బిగించిన ఇంజిన్. ఇక జత కలపడానికి ఇబ్బంది లేదనుకున్నాను.

మార్చి 8, మధ్యాహ్నం

కొత్త బేరింగులు పెట్టి, చుక్కల ప్రకారం బిగించాను. ఒకటీ నాలుగూ సాఫీగా తిరిగాయి. రెండు బిగిస్తే బిర్రు. మూడు బిగిస్తే క్రాంక్ పట్టేసింది. విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. అదే.

విసుగొచ్చి రెండు చుక్కల క్యాప్ మూడుకి, మూడు చుక్కలది రెండుకి వేశాను. క్రాంక్ ఒంటిచేత్తో తిరిగింది.

మార్చి 8, సాయంత్రం

నాలుగుసార్లు మార్చి మార్చి చూశాను. చుక్కలే తప్పు.

ఆ బస్సు ఇంజిన్ కూడా ఇలాగే బిర్రుగా ఉంది. ఇప్పుడు బాగా గుర్తొస్తోంది. మామకి చెప్పాను. కొత్త చెప్పులు కరవవా, కొత్త బేరింగులూ అంతే, పానాకి పైపు తొడిగి తిప్పు అన్నాడు. తిప్పాను.

చుక్కలు కొట్టేది మామే. బండి కింద వెల్లకిలా పడుకుని కొట్టేవాడు. ఆ పంచ్ మా ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఆ బస్సుకీ రెండూ మూడూ తారుమారైంది చుక్కల దగ్గరే.

మార్చి 9

ఎవరికీ చెప్పలేదు. నా భార్య పొకువాకి కూడా.

మార్చి 10, ఆదివారం

మూడో రాడ్ విప్పి, రెండు చుక్కల క్యాపూ మూడు చుక్కల క్యాపూ కలిపి గుడ్డలో చుట్టుకుని మామ ఇంటికి వెళ్లాను. మామ కళ్లకి పొర కమ్మింది, ఎదుట ఎవరున్నారో గొంతు వింటేగాని పోల్చలేడు. నేనే మామా అని ఒళ్లో పెట్టాను. మూడు చుక్కల క్యాప్ ఆనించి, అతుకు మీద బొటనవేలి గోరు నడిపాడు. గోరు తట్టుకుంది. రెండు చుక్కలది ఆనించాడు. గోరు జారిపోయింది. ఎవరి చుక్కలు రా అన్నాడు. తోకలున్నాయి మామా అన్నాను.

క్యాపులు రెండూ గుడ్డలో పెట్టి, తిన్నావా అన్నాడు.

మరి ఈ ఇంజిన్ ఎలా నడిచింది అని అడిగాను. గోటితో చూసుకుని బిగించాను, ఆ బస్సు తర్వాత చుక్కల్ని నమ్మలేదు అన్నాడు. అంటే అప్పటికే తెలుసు! ఇరవై ఒక్క ఏళ్లు మామా అని అరిచాను. అరవకురా, పోయినవి కళ్లు, చెవులు కాదు అన్నాడు. ఆ రోజు బిర్రుగా ఉందని నీకు చెప్పానా లేదా అన్నాను.

చెప్పావు అన్నాడు.

తిరిగి వస్తూ బండిలో ఏడ్చాను. పక్కన కూర్చున్న చేపలమ్మ, పోయినవాళ్లు నీకేమవుతారు నాయనా అని అడిగింది.

మార్చి 12

ఈ పిస్టన్లు పాతవాటికన్నా కాస్త ఎత్తు. వాల్వులకి తగులుతాయేమోనని పిస్టన్ మీద నా మధ్యాహ్నం తిండిలోంచి మొక్కజొన్న కెంకే ముద్ద పెట్టి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి చూశాను. నలిగిన ముద్ద రెండు నాణేలంత మందం. తగలదు. అప్పుడే అచియా వచ్చింది. నా బండి పస్తులుందనుకున్నావా, చేప ముక్క కూడా పెట్టకపోయావా అంది. వారం తర్వాత మొదటిసారి నవ్వాను.

మార్చి 15, శుక్రవారం

రెండోసారి తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. పొగ లేదు, చప్పుడు లేదు.

అచియా డబ్బులు లెక్కపెడుతుండగా షెడ్డు ముందు టాక్సీ ఆగింది. కర్ర పట్టుకుని మామ దిగాడు. పక్కషెడ్ల వాళ్లు పోగయ్యారు. స్క్రూడ్రైవర్ అడిగి, మొన బ్లాక్‌కి, పిడి చెవికి ఆనించి నాలుగు చోట్లా విన్నాడు. రెండు దగ్గరా మూడు దగ్గరా ఎక్కువసేపు ఆగాడు. చుక్కల ప్రకారం బిగించావా అన్నాడు. లేదు, గోటితో చూసుకుని ఆకురాయితో కొత్త గీతలు పెట్టుకున్నానన్నాను. ఇంజిన్ ఆపమన్నాడు.

ఆ బస్సు చుక్కలు కొట్టింది నేను, తారుమారు చేసింది నేను, వీడు కాదు అన్నాడు. అందరికీ వినపడేలా అన్నాడు. తర్వాత పైగుడ్డలోంచి పౌడర్ డబ్బా తీసి, కూర్చోరా అన్నాడు. నలభై ఆరేళ్లవాడిని, టైరు మీద కూర్చున్నాను. కనిపించక సగం నా భుజాన, కొంత అచియా మీద పోశాడు. ఆమె తుమ్మి, నేను కూడా ఫిట్టర్‌నేనా తాతా అంది. ఎవరో ఈల వేశారు. మామ చెయ్యి మాత్రం నా నెత్తిన అలాగే ఉంది, తియ్యలేదు.

మార్చి 16

తల కడుక్కోలేదు. పొకువా దిండు గలీబు మార్చబోతే వద్దన్నాను.