రేగడి లోపలి చెమ్మ

సర్వధారి, మాఘ బహుళ పంచమి

ప్రియమైన బావగారూ,

ఇన్నేళ్ళుగా ఇలా మొదలుపెట్టిన చేయి గనుక ఈసారీ ఇలాగే మొదలుపెట్టింది. ఇదే ఆఖరు.

ప్రభుత్వంవారు సభ చేసి ప్రారంభించిన 'ఇష్టాగోష్ఠి' వెబ్‌సైటులో క్రిందటేడు మనమిద్దరం చేరాము. నడిపేది ప్రైవేటు కంపెనీయే అయినా, వేదిక నిండా అధికారులే. మీకు శాలువ కప్పింది కూడా ఆ సభలోనే. అందులో 'ఏకాంతం' అనే అరలో రాసిన మాట, రాసినవాడికీ అందుకున్నవాడికీ తప్ప మూడో మనిషికి కనిపించదని మనకు చెప్పారు. అది నమ్మి మొన్న మీకొక్కరికే రాశాను. మా పత్తి చేలు ఒక కంపెనీకి ఇప్పించాలని అధికారులు తిరుగుతున్నారనీ, ఊరంతా తలవంచినా అంకమ్మరావు మాత్రం సద్దు లేకుండా కోర్టుకు వెళ్ళబోతున్నాడనీ.

నిన్న రెవెన్యూ అధికారి మా అరుగు మీద కూర్చుని, మీ చెల్లెలు ఇచ్చిన మజ్జిగ తాగి, చిరునవ్వుతో అన్నాడు:

"శాస్త్రిగారూ, అంకమ్మరావు మౌనం రేగడి నేల వంటిదటగా! పైన బీటలు చూసి ఎండిపోయిందనుకుంటామట, లోపల చెమ్మ అలాగే ఉంటుందట. ఎంత చక్కటి ఉపమానమండీ!"

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క క్షణం పొంగిపోయాను. జీవితమంతా కావ్యాలకు అర్థం చెప్పినవాడినే గాని, నా మాటను ఒకరు కంఠస్థం చేసి నాకే అప్పజెప్పడం ఎన్నడూ ఎరుగను. మరుక్షణం గుర్తొచ్చింది. ఆ ఉపమానం నేను మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ చెల్లెలు కోటిరత్నానికి కూడా.

అప్పటికే అంతా అయిపోయింది. అంకమ్మరావు తమ్ముడి ఎరువుల దుకాణం లైసెన్సు రద్దు చేస్తామని బెదిరించి, అంగీకారపత్రం మీద సంతకం పెట్టించుకున్నారు. సాయంత్రం మిరప కల్లం దగ్గర అతడు అందరూ వినేలా అరిచాడు:

"ఏం శాస్త్రిగారూ, నా మీద కవిత్వం కట్టారంటగా! నోరు మూసుకుని నా పాటికి నేనుంటే, మీ నోటికేం తెగులండీ?"

ఇంటికి వచ్చి మీ చెల్లెలికి అంతా చెప్పాను.

శాలువకు ప్రతిఫలంగా నా మాట ఇచ్చారా బావగారూ? "మా అన్నయ్య అటువంటివాడు కాదు" అని మీ చెల్లెలు ఏడుస్తోంది. ఆమెను చూడాలనుకుంటే మరెక్కడైనా చూసుకోండి. మా గడప తొక్కవద్దు.

ఇట్లు,
శేషాచలం


మాఘ బహుళ దశమి
బ్రాడీపేట, గుంటూరు

పూజ్యులు బావగారికి,

శివరామకృష్ణ నమస్కరించి రాయిస్తున్నది. చేతిరాత మా అమ్మాయి అలేఖ్యది. నా చెల్లెలు కంగారుపడుతుందని చెప్పలేదు గాని, నెలనాడు నాకు శుక్లాలు తీశారు. ఒక కంటికి చీము పట్టడంతో ఇక్కడి ఆసుపత్రిలోనే ఉండిపోయాను. రెండు కళ్ళకూ కట్టు. మీ ఉత్తరం వేటపాలెం ఇంటికి వెళ్ళి, ఇక్కడికి వచ్చింది. అలేఖ్య చదివి వినిపించింది. మధ్యలో ఆగిపోతే, "చదువు తల్లీ" అన్నాను. చివరి వాక్యం రెండుసార్లు చదివించుకున్నాను.

అప్పుడు నా పాస్‌వర్డు మొదటిసారిగా దానికి చెప్పి, వీధి చివరి ఇంటర్నెట్ సెంటరుకు పంపాను. వచ్చి నా మంచం పక్కన కూర్చుంది.

"నాన్నా, శేషాచలం మామయ్య రాసింది ఇంకా మందపాటి అక్షరాల్లోనే ఉంది. అంటే ఈ ఖాతాలోంచి ఇంతవరకూ ఎవరూ తెరవలేదని. నేనూ తెరవలేదు."

బావగారూ, ఆ మాట నన్ను చేరనేలేదు. నా గుమ్మం ముందే పడి ఉంది. మన ఏకాంతంలోకి నేను రాకముందే ఎవరో వచ్చి, చదివి, వల్లెవేసుకుని, మీ అరుగు మీదికి వచ్చి మజ్జిగ తాగి వెళ్ళారు. రాజుగారి వేగులు చెట్టు చాటున నిలబడి వినేవారని చదువుకున్నాము. ఇక్కడ సభ కట్టి, శాలువలు కప్పి, మనల్ని పిలిచి కూర్చోబెట్టి మరీ విన్నారు.

వకీలుతో అలేఖ్య మాట్లాడింది. దాన్ని తెరవవద్దన్నాడు. తెరవని మాట అధికారి నోట ఎలా పలికిందో కోర్టులోనే అడుగుదామన్నాడు. అంకమ్మరావుకు ఈ ఉత్తరం కల్లం దగ్గరే, అందరూ వినేలా చదవండి. సంతకం వెనక్కి తీసుకోవడం, మానడం అతని ఇష్టం. అతణ్ణి పట్టించింది మీ నోరూ కాదు, నా నోరూ కాదని మాత్రం ఊరికి తెలియాలి.

ఆ ఉపమానం మీ ఉత్తరంలోనే మొదటిసారి విన్నాను. అన్ని నిందల నడుమ విన్నా, చాలా బాగుంది బావగారూ.

మీ
శివరామకృష్ణ