రెండు వైపులా రాసిన ఉత్తరాలు

జగిత్యాల జిల్లా వాడినైన గాండ్ల హన్మాండ్లు అనే నేను, తండ్రి కీ.శే. నడిపి లింగయ్య, వయసు అరవై రెండు, ప్రస్తుతం సౌదీలో అల్ ఖర్జ్ దగ్గరి పాల ఫారంలో పంపులు చూసే పనిలో ఉండి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. చదివింది ఊళ్లో ఏడో తరగతి. తప్పులుంటే మన్నించాలి. ఒంట్లో ఏ రోగమూ లేదు. ఆ మాట కింద మళ్లీ రాస్తాను.

1. ఊళ్లో ఇల్లు, ఎకరం పొలం నా భార్య ముత్యవ్వకు. ఆమె తర్వాత ఎవరికన్నది ఆమె ఇష్టం. నా ఫోను కూడా ఆమెకే. పంతొమ్మిదేళ్లు ఫోనులో "ఆ", "ఊ" తప్ప నేనేమీ అనలేదు. "గోడకు చెప్పినా నీకన్న నయం" అనేది. ఆమె పంపిన వాయిస్ మెసేజీలు ఒక్కటీ తుడపలేదు.

2. చాయ్ ఫ్లాస్కు, కంబళి టాంకర్ డ్రైవర్ యిర్మీయాకు. కంబళి ఒక మూల కాలింది. అది ఎట్లా కాలిందో అతనికి తెలుసు.

3. మన కార్మిక సంఘం అధ్యక్షుడు భూమేష్‌కు నా నీలం పెన్ను. రీఫిల్ అయిపోయింది. ఇకపై తన మాటలు తానే రాసుకోవాలి.

దీనికి కారణం చెప్పాలి. నలుగురిలో నాకు నోరు రాదు, కాగితం మీద వస్తుంది. భూమేష్ ఉండేది రియాద్‌లో, సులై అనే పేటలో. ఎనిమిదేళ్లు అతనికి సలహాలు రాశాను. ఓట్ల కోసం ఏ క్యాంపుకు ముందు పోవాలి, గెలిస్తే ఏం చేయాలి అని. "చచ్చినోని శవం నలభై రోజుల్ల ఊరు చేరాలె" అని అతను చప్పట్లు కొట్టించుకున్న మాట నాదే. ఉత్తరాన్ని యిర్మీయా పాల టాంకరులో తీసుకుపోయేవాడు. భూమేష్ అదే కాగితం వెనక జవాబు రాసి తిప్పి పంపేవాడు. ఈ దేశంలో సంఘాలకు అనుమతి లేదు, తన గదిలో సంఘం కాగితం దొరకకూడదని జాగ్రత్త. "నీ పెట్టెను ఎవడు చూస్తడు కాకా, నువ్వున్నవన్నదే ఎవ్వనికి తెల్వది" అని ఒకసారి రాశాడు. నిజమే. అట్లా నూట ముప్పై ఉత్తరాలు, అతని చేతిరాతతో సహా, నా దగ్గరే మిగిలాయి.

4. వాటిలో నూట పద్నాలుగోది సాయికుమార్ భార్య శ్రీలతకు. రెండేళ్ల కింద, సంఘం ఎన్నికలకు తొమ్మిది రోజుల ముందు, మా ఫారం పేడనీళ్ల గుంతలో పంపు జామైతే సాయికుమార్‌ను దించారు. నడుముకు తాడు కట్టలేదు. లోపలికి గాలి కొట్టలేదు. గుంతలో గ్యాసు ఉంది. పది నిమిషాల్లో అయిపోయింది. శ్రీలతకు గుండెపోటని చెప్పారు.

అమ్మా, ముందు నా వైపు చదువు. "ఇప్పుడు కంపెనీతో కొట్లాడితే మనకు గేటు మూస్తారు, నాలుగు వందల ఓట్లు పోతాయి. ఎన్నికలు అయ్యేదాకా ఊకో" అని రాసింది నేనే. తర్వాత వెనక చదువు: "నువ్వన్నట్టే ఊకున్న కాకా. గుండెపోటు కాగితం మీద సాక్షి సంతకం గూడ పెట్టిన. శవం ఇరువై రోజులకే పోతది. మన మాట నిలవడ్డట్టే."

భూమేష్ గెలిచాడు. నోరు తెరవడానికి నాకు రెండేళ్లు పట్టింది. మళ్లీ పోటీ చేసే ముందు ఆ నిజం చెప్పు, లేకపోతే శ్రీలతకు నేనే చెప్తానని పోయిన నెల అతనికి రాశాను. ఆ కాగితం తిరిగి రాలేదు. భూమేషే వచ్చాడు.

పోయిన శుక్రవారం అది. "పెట్టె ఇటియ్యి కాకా, కాలవెడదం. ముసలితనంల నీకెందుకీ లొల్లి" అన్నాడు. ఇయ్యనన్నాను. పోసిన చాయ్ తాగకుండా లేచాడు. "సరే, నీ ఇష్టం. ఇంటికి పోయే కాగితం ఎప్పుడన్నవ్, ఇరువై తొమ్మిదా? పైలం" అన్నాడు.

మంగళవారం డ్యూటీ చార్టు అంటించారు. పంతొమ్మిదేళ్లుగా పాలు చల్లబరిచే కాడ ఉన్న నన్ను ఆదివారం నుంచి పేడనీళ్ల గుంతకు వేశారు. ఫోర్‌మన్‌ను అడిగితే "ఊపర్ సే ఆయా హై", పైనుంచి వచ్చిందని అన్నాడు, నా మొహం చూడలేదు. పోనంటే ఇంటి కాగితం ఆగుతుంది. ఎవరి మీదా నేరం మోపడం లేదు. చార్టులో ఉన్నది రాశాను.

5. మిగతా ఉత్తరాలు వచ్చే అధ్యక్షుడికి, ఎవరైనా సరే. భూమేష్ అయితే మాత్రం సభలో చదివి వినిపించాలి.

6. ఇవన్నీ జరిపించే బాధ్యత ఆసుపత్రి నర్సు జాయ్సీది. ఉత్తరాలు ఇప్పటికే ఆమె దగ్గరున్నాయి. మంచం కింది పెట్టెలో పాత చొక్కాలే. ఎవరడిగినా ఇచ్చేయొచ్చు. ఆమెకు నా కరివేపాకు మొక్క, కుండీతో సహా. ఎండకు ఆగదు, నీడన పెట్టాలి.

7. నిన్న జాయ్సీ నా గుండెకు ఈసీజీ తీయించింది. "పాతికేళ్ల కుర్రాడి గుండండీ మీది తాతగారూ, దేనికండీ ఈ అనుమానం?" అంది. డాక్టరు సంతకం, తేదీ ఉన్న ఆ ఈసీజీ పట్టీని ఈ కాగితానికి పిన్ను పెట్టాను. గుండెపోటని రాసి ఎవరు ఏ కాగితం తెచ్చినా, పట్టీని పక్కన పెట్టి చూడాలి. శవాన్ని తొందరగా పంపుతామంటే ముత్యవ్వ వేలిముద్ర వేయకూడదు. నలభై రోజుల మాట నాదే. నా శవం వరకు దాన్ని రద్దు చేస్తున్నాను. అసలు కారణం తేలేదాకా, ఎన్నాళ్లయినా ఇక్కడే ఉండనీయండి.

అల్ ఖర్జ్, 12-9-2025, శుక్రవారం.

(సంతకం) గాండ్ల హన్మాండ్లు

సాక్షులు:
1. యిర్మీయా, టాంకర్ డ్రైవర్
2. దీనమ్మ, జాయ్సీతో పనిచేసే నర్సు