పద్నాలుగో తేదీకి దాచిన నీళ్ళు

మార్చి 3
పొద్దున స్వెటర్, మధ్యాహ్నం చెమట, సాయంత్రం గొడుగు. వెదర్ ఆఫీసులో పనిచేసేదాన్నే రోజుకి మూడు వేషాలు వేస్తుంటే జనం మమ్మల్ని తిట్టుకోవడంలో తప్పేముంది? రాబోయే మూడు వారాల అంచనా రాశాను. మామూలు కంటే కాస్త వెచ్చగా ఉండే అవకాశం అరవై శాతం. ఆఫీసర్ గారు ‘కాస్త’ కొట్టేసి, కాసేపాగి మళ్ళీ ‘కాస్త’ అనే రాశారు.

అన్నయ్య ఫోన్ చేశాడు. తోటలో ప్లమ్ మొగ్గలు తొందరపడుతున్నాయట. అరవై శాతం అన్నాను. శాతాలు రేడియోలో వింటాలే, చెల్లెలివిగా ఉన్నమాట చెప్పు అన్నాడు. ఉన్నమాట అదే మరి!

మార్చి 5
లంచ్ లోపే ఎండ, వాన, వడగళ్ళు, మళ్ళీ ఎండ.

మార్చి 8
పూలు విచ్చుకున్నాయి. వదిన ఫొటో పంపింది. అన్నయ్య బస్సు డ్రైవర్ ఉద్యోగం మానేసి ఆ వాలు నేలలో మొక్కలు పెట్టాక ఇదే మొదటి పూత. అప్పుడే పుట్టిన బిడ్డను ఎత్తుకోవడం రాని తండ్రిలా చెట్టు పక్కన బిగుసుకుని నిలబడ్డాడు.

తర్వాత వదినే ఫోన్ చేసింది, గొంతు తగ్గించి. ఆయనకి నిద్ర లేదు, నువ్వేం చెబితే అదే చేస్తాడు, కాస్త చూసి చెప్పు అంది. అప్పట్నుంచి నాకూ నిద్ర లేదు.

మార్చి 11
ఉత్తరం నుంచి చలిగాలి వస్తోంది. ఒక కంప్యూటర్ మోడల్ 13 రాత్రి అంటుంది. ఇంకోటి 14 అంటుంది. మూడోది అసలు రాదంటుంది. బులెటిన్‌లో మాత్రం ‘స్వల్పంగా చలి పెరగవచ్చు’ అని వెళ్ళింది. విచ్చుకున్న పువ్వుకి స్వల్పమేమిటి? కాలుగాలిన పిల్లిలా కారిడార్లో తిరుగుతుంటే, కూర్చో తల్లీ, నువ్వు నడిస్తే గాలి ఆగదు అన్నారు ఆఫీసర్ గారు.

మార్చి 12
చలి రాత్రి పూత మీద స్ప్రింక్లర్లతో తెల్లారేదాకా నీళ్ళు చల్లుతూ ఉండాలి. నీళ్ళు గడ్డకడుతున్నంతసేపూ వాటి నుంచి వచ్చే వేడికి లోపల పువ్వు చావదు. మధ్యలో ఆపితే మొదటికే మోసం. అన్నయ్య ట్యాంకులో ఒక్క రాత్రికే నీళ్ళున్నాయి. బావి ఊరడానికి వారం పడుతుంది.

ఏ రాత్రో చెప్పమన్నాడు.

పదమూడున మబ్బు కప్పి చలిని ఆపుతుంది, పద్నాలుగే అసలైన చలి అన్నాను. అంతేకదా అన్నాడు. అంతే అన్నాను.

మార్చి 14, పొద్దున
తెల్లవారుజామున అన్నయ్య ఫోన్.

“మబ్బు విడిపోతోందే. చుక్కలు కనిపిస్తున్నాయి. వాల్వు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. తిప్పేయమంటావా?”

నా ఎదురుగా ల్యాప్‌టాప్ స్క్రీన్. ఈ రాత్రి చలి తక్కువే, చలి దిగే పల్లంలో మాత్రం పూత పోతుంది. వచ్చే రాత్రి చలికి నీళ్ళు లేకపోతే మొత్తం పోతుంది. అది ఖాయమా అంటే ఖాయం కాదు.

“ఆగు అన్నయ్యా.”

“ఆగమంటావా?”

“ఆగు.”

ఫోన్ పెట్టెయ్యలేదు. తెల్లారేదాకా లైన్‌లోనే ఉన్నాం. వదిన దగ్గు ఒకసారి వినిపించింది.

ఎండొచ్చాక చూశాడు. పల్లంలో వరసలన్నిట్లో పువ్వు మధ్య నల్లబడిందట. తిడితే బాగుండేది.

సాయంత్రం
మ్యాపులు మళ్ళీ మారాయి. రాత్రికి చలి రాకపోవచ్చట. అప్పుడు పల్లం ఊరికే పోయినట్టే. వాష్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. సెలవు పెట్టి తోటకి బయల్దేరుతున్నాను. చలి రావాలని ఇంతగా కోరుకున్న మనిషి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మార్చి 15
వచ్చింది. వదిన చీకట్లో వాల్వు తిప్పింది. పొద్దున ఎగువ చెట్లన్నీ గాజుతో చేసినట్టున్నాయి. ఎండకి మంచు టపటపా రాలుతుంటే అన్నయ్య ఒక పువ్వు చీల్చి చూపించాడు. లోపల పచ్చగా ఉంది. ఇంకోటి చీల్చాడు. ఇక చాలు, ఉన్నవన్నీ నువ్వే చీల్చేసేలా ఉన్నావని వదిన కసిరింది.

పల్లం వైపు ముగ్గురం చూడలేదు.

మార్చి 22
అన్నయ్య ఫోన్. వచ్చే వారం ఎలా ఉంటుందని అడిగాడు. ఇంకా నన్నే అడుగుతున్నాడు. తెలీదన్నయ్యా అన్నాను. సరే, నాకూ తెలీదు, ఆదివారం భోజనానికి రా అన్నాడు.