సూర్యుడి దొడ్డి గుమ్మం

ప్రియమైన వదినకు,

ఆఫీసు మెయిల్లో రాస్తే పదిమంది చదువుతారని కాగితం మీద రాస్తున్నాను. దస్తూరీ చూసి తిట్టుకోకు. కంట్రోల్ రూంలో ముగ్గురు చేసే పని ఇద్దరం చేస్తున్నాం. తల ప్రాణం తోకకొస్తోంది.

మన వ్యోమనౌక సూర్యుడి దక్షిణ ధ్రువం మీదికి చేరింది. అక్కడ సౌర పవనం నడిమి భాగంలో కంటే రెట్టింపు వేగంతో వీస్తోంది. దాన్ని కొలిచేవాళ్ళకి ఒకటే సంబరం. అందులో నువ్వు కట్టి పంపిన డిటెక్టర్ సంగతి చెప్పాలంటేనే నోరు రావడం లేదు. సౌరకుటుంబం బయటి నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు ధ్రువం దగ్గర పోటెత్తుతాయని కదా ఇన్నేళ్ళుగా నువ్వు చెబుతున్నది. పోటు లేదు వదినా. కాస్త పెరిగాయి, అంతే.

దీనికితోడు ఇంకో తలనొప్పి. నౌకలో కరెంటు ఏటికేడు తగ్గిపోతోంది. ఇంధనం గొట్టాల్లో గడ్డకట్టకుండా హీటర్ నడపాలంటే ఏదో ఒక పరికరాన్ని ఆపాలని కమిటీ అంటోంది. అంకెలు నువ్వు చెప్పినంత పెరగడం లేదు కాబట్టి నీ డిటెక్టరే పాడైందని, దాన్నే ఆపమని కొందరు గుసగుసలాడుతున్నారు. ఒకసారి ఆపితే ఆ చలికి మళ్ళీ లేవదు. వచ్చే ఏడాది నౌక ఉత్తర ధ్రువం చేరేసరికి అది ఉండదు.

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ తూనీగ

*

తూనీగా,

నీ ఉత్తరం చదివి ముందు నిన్నే తిట్టాను. మీ అన్నయ్య పేపరు పక్కన పెట్టి, "దానిమీద ఒంటికాలి మీద లేస్తావేం? కిరణాలకి అడ్డం అదేమైనా నిలబడిందా?" అన్నారు. చెల్లెలి మీద ఈగ వాలనివ్వరు కదా.

లోపం డిటెక్టర్లోనే ఉంది. సూర్యుడి నడుము చుట్టూ అయస్కాంత రేఖలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి, కిరణాలు వాటిని దాటి రావడం కష్టం. ధ్రువం దగ్గర రేఖలు తిన్నగా ఉంటాయి. అది సూర్యుడి దొడ్డి గుమ్మం, తెరిచే ఉంటుంది. ఈ ఒక్క మాట మీదే నా ఉద్యోగం, నా పేరు, నా దగ్గర చదివిన పిల్లల పరిశోధనలు నిలబడ్డాయి. వోల్టేజీ సరిచూడు. లోపల పెట్టి పంపిన రేడియోధార్మిక బిళ్ల ఉంది కదా, అది ఎంత చూపించాలో మనకు తెలుసు. అంతే చూపిస్తోందా, తక్కువ చూపిస్తోందా?

ఇక్కడ నా గది మార్చారు. మెట్ల కింద, జిరాక్స్ మిషన్ పక్కన. కిటికీ ఉన్న గదే ఇచ్చానని కొత్త హెడ్డు గొప్పగా చెప్పాడు. తెరిస్తే అవతలి బిల్డింగు గోడ. రిటైరయ్యేలోపు ఒక్కసారి, నేను చెప్పింది నిజమైందని వినాలని ఉందే పిల్లా. బాగా అలిసిపోయాను.

వదిన

*

ప్రియమైన వదినా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను, చెప్పనివి కూడా చేశాను. బిళ్ల లెక్క వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. నీ డిటెక్టర్ గుండ్రాయిలా ఉంది.

అయస్కాంత కొలతలు చూసేవాళ్ళని కూడా పట్టుకున్నాను. ధ్రువం దగ్గర రేఖలు తిన్నగా లేవుట, కెరటాల్లా ఊగిపోతున్నాయిట. లోపలికి రాబోయిన కిరణాలు ఆ ఊపుకి వెనక్కి పోతున్నాయిట. నీ దొడ్డి గుమ్మం ఉంది వదినా, కానీ గుమ్మంలో ఒకటే తోపులాట.

నిన్న కమిటీ పెద్దాయన నన్ను వసారాలో ఆపి, "కట్టింది ఆవిడ. ఆవిడ ఏం రాసి పంపితే అదే మాకు ప్రమాణం" అన్నారు. పాడైందని నువ్వు రాస్తే ఆపేస్తారు. కానీ పరికరం చెడడం వల్ల సంగతి తేలలేదంటారు, నీ మాట అలాగే ఉంటుంది. బాగుందని రాస్తే, నీ మాట తప్పని నీ చేత్తో నువ్వే రాసిచ్చినట్టు. అప్పుడు డిటెక్టర్ బతకొచ్చు.

ఏం రాయాలో నేను చెప్పను. నాకంత వయసూ లేదు, ధైర్యమూ లేదు. అన్నం తిని పడుకో. ఉత్తరం పక్కన పెట్టుకుని కూర్చోకు.

నీ తూనీగ

*

తూనీగా,

చాలా రోజులు జవాబు రాయలేదు. కోపంతో కాదు. ముందు కమిటీకి ఏం రాయాలో తేల్చుకోవాల్సి వచ్చింది.

కమిటీకి రాసేశాను. డిటెక్టర్ బాగుంది, అది చూపిస్తున్నదే నిజం, నేను చెప్పింది తప్పు అని. మీ అన్నయ్య చదివి చూశారు. వెళ్ళి పోస్టులో వేసి వచ్చి, నా చెప్పులు తెగాయని ఎన్నాళ్ళుగానో చెబుతున్నానని, అవి పట్టుకుని మళ్ళీ బజారుకి వెళ్ళారు. ఆయన వెళ్ళాక ఏడ్చాను.

తరువాత ఒక వింత జరిగింది. రాత్రంతా పడుకున్నదాన్ని పొద్దున్నే లేచి కాగితాలు ముందేసుకున్నాను. ఉత్తర ధ్రువం మీద కూడా ఇదే తోపులాట ఉంటుందా, రెండు వైపులా తేడా ఉంటుందా? నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఇన్నేళ్ళూ జవాబు చేతిలో పెట్టుకుని ప్రశ్న అడిగాను. ఇప్పుడే కదా అసలు అడుగుతున్నాను. ఎక్కడ తప్పానో తెలుసుకోకుండా ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు.

దాన్ని ఉత్తర ధ్రువం దాకా బతికించు. ఎవరి కాళ్ళు పట్టుకుంటావో పట్టుకో. నాకు ఇంకేమీ వద్దు.

వదిన

*

వదినా,

నీ ఉత్తరం కమిటీలో పైకి చదివారు. పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని, ఇంత నిజాయితీ తన సర్వీసులో చూడలేదన్నారు. అదే నోటితో, "అయితే ప్రశ్నకి జవాబు దొరికినట్టే కదా, ఇంకా దానికి కరెంటెందుకు?" అన్నారు.

ఉత్తర ధ్రువం ఉందన్నాను. రెండు ధ్రువాలూ ఒక్కటేలెమ్మని ఎవరో అన్నారు, చూసొచ్చినట్టు. గొంతు పోయేదాకా వాదించాను. చేతులెత్తమన్నప్పుడు మనవైపు లేచింది నా చెయ్యి ఒక్కటే, దానికేమో ఓటు లేదు.

పాడైందని రాసినా ఆపేవాళ్ళు. బాగుందని రాశావు, అందుకే ఆపారు. నీకు ఇది ఎలా చెప్పాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

దాన్ని ఆపిన రోజు డ్యూటీ నాది కాదు. అడిగి వేయించుకున్నాను. ఎవరో టీ తాగుతూ చేసేసే పని కాకూడదనిపించింది. కమాండ్ నేనే పంపాను వదినా. తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను.

కమాండ్ అక్కడికి చేరడానికి ఇరవై నిమిషాలు, అక్కడి కబురు ఇక్కడికి రావడానికి ఇంకో ఇరవై. అంతసేపూ తెర ముందే కూర్చున్నాను. దానికేం తెలుసు, వచ్చిన కిరణాన్నల్లా లెక్కపెడుతూనే ఉంది. తరువాత అంకెలు రావడం ఆగిపోయింది.

నేను కమాండ్ పంపేశాక, అది అక్కడికి చేరేలోపు ఆ ఇరవై నిమిషాల్లో డిటెక్టర్ పెట్టిన లెక్క ఎవరూ అడగలేదు. ఏ రిపోర్టులోకీ ఎక్కదు. ఈ కాగితం వెనక రాసి పంపుతున్నాను.

నీ తూనీగ