లోపల మనుషులుండగా మెయిన్ స్విచ్

మంగళవారం, రాత్రి.

చాలా అలసిపోయాను. మా వెంచర్ ఆఫీసులో ప్లాట్ల సమాచారమంతటినీ నాలుగు స్క్రిప్టులు, అంటే చిన్న ప్రోగ్రాములు, విడివిడిగా మెమరీలోకి ఎత్తుకోవడం వల్ల కంప్యూటర్ ఆగిపోతూ వచ్చింది. ఆ సమాచారాన్ని ఒక్కసారే మెమరీలో ఉంచి, నాలుగూ పంచుకునేలా వారమంతా శ్రమించి రాశాను. ఈరోజు మా యజమాని సారు ఎదుట నడిపితే, మొదటి స్క్రిప్టు పని ముగించగానే మిగిలిన మూడూ కూలిపోయాయి.

"ఏమాయె నర్సింలు? రేపు గూడ గిట్లనే ఆగితే ఈ పని బయటోళ్లకిస్త," అన్నారు సారు.

పక్క సీటు స్వప్న కోడ్ చూసి నవ్వింది. "పని అయినోడల్ల మెమరీ ఖాళీ చేసి పోవాలని రాసినవ్ గదనే అన్నా! లోపల మనుషులుండంగ మెయిన్ బంద్ చేస్తరా?"

ఆఫీసు వదిలేటప్పుడు మెయిన్ కట్టేయడం నా నియమం. ఆ క్రమశిక్షణనే ప్రతి స్క్రిప్టుకూ నేర్పాను. రాత్రి కళాశాలలో పట్టా సాధించినవాడిని, ఈ అమ్మాయి చెబితే దిద్దుకోవాలా అని బిగుసుకుని కూర్చున్నాను.

సాయంత్రం బస్సు వేళకు లేచి, అలవాటుగా మెయిన్ మీద చెయ్యి వేశాను. స్వప్న ఇంకా పని చేస్తోంది. చెయ్యి తీసేసి, వెనక్కి వచ్చి కూర్చున్నాను.

"నాలుగూ ముగిశాకే ఖాళీ చేయాలంటే ఏం రాయాలమ్మా?" అని అడిగాను.

ఆమె చూపినట్టు దిద్దేసరికి బస్సు వెళ్లిపోయింది. రేపు సారు ఎదుట నాలుగూ సరిగ్గా నడిస్తే, ఆమె పేరు కూడా చెప్పాలి. చెప్పగలనో, లేదో...