తప్పు దగ్గర ఆగకుండా

హట్టి నుంచి

ప్రియమైన అక్కకు,

చెల్లెలు సరళ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నీ మరిదీ కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వు, బావగారు, అమ్మ, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మీ ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది. నేను చెప్పబోయేది ముందు నువ్వొక్కదానివే చదువు, కోప్పడాలనిపిస్తే కోప్పడు, ఆ తర్వాత మిగతావాళ్ళకు చెబుదువు గాని.

మా గురించి బెంగ పెట్టుకోకు. ఇక్కడి బంగారు గనిలో నీ మరిది కరెంటు పనికి బాగానే అలవాటు పడ్డారు. షిఫ్టు మారినప్పుడల్లా మా భోజనాల వేళలు తారుమారవుతాయి, అంతే. ఎండలు మాత్రం మండిపోతున్నాయి. జొన్నరొట్టె చేయడం నేర్చుకున్నాను కానీ గుండ్రంగా రావడం లేదు. పక్క క్వార్టరులో ఉండే తాయమ్మక్క వాటిని చూసి ఇది ఏ తాలూకా మ్యాపు అని అడుగుతుంది. తిండికి లోటు లేదు, నిజంగానే బాగా తింటున్నాను.

బాగా లేనిది ఒక్కటే. ఇక్కడ నాతో కలిసి వాయించే మనిషి లేడు. వచ్చిన కొత్తలో రోజూ సాధన చేశాను. తర్వాత ఎవరి కోసం అనిపించి, వయొలిన్ పెట్టె మంచం కిందికి చేరింది. వేళ్ళు మరిచిపోతాయేమోనని భయం వేసేది. అలాంటప్పుడు లింగసుగూరులో ఒక ఆర్కెస్ట్రాకు వయొలిన్ వాయించేవాళ్ళు కావాలని తెలిసింది. పెళ్ళిళ్ళలో, జాతరల్లో సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రా. మూతి విరవకు అక్కా. ఆ చోటు కూడా దొరక్కపోతే వయొలిన్ పెట్టె తెరవడానికి నాకిక కారణమంటూ ఉండదు. అందుకే బస్సెక్కి వెళ్ళాను.

ఆర్కెస్ట్రా నడిపేది మహబూబ్ మాస్టరు. పెద్దాయన, కీబోర్డు వాయిస్తాడు. నన్ను నిలబడి వాయించమన్నాడు. వయొలిన్ తల పాదం మీద ఆనించి కూర్చుంటే తప్ప మనకు చెయ్యి ఆడదు కదా, నిలబడి గమకం వేయబోతే వయొలిన్ జారి నా పొట్ట మీదికి వచ్చింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన, "ఠీక్ హై, కూసొనే వాయించు," అని బల్ల వేయించాడు. ఒక పాత పాట, అందులో పల్లవికీ చరణానికీ మధ్య వయొలిన్ బిట్టు. సగం దాకా బాగానే వచ్చింది. ఒక చోట వేలు జారింది. జారగానే ఏం చేశానో నీకు చెప్పక్కర్లేదు. ఠక్కున ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. నాన్న పోయాక నాకు పాఠం చెప్పింది నువ్వు. తప్పొస్తే తాళం ఆపేసి కళ్ళెర్ర చేసేదానివి, నేను మొదటికి వెళ్ళేదాన్ని. ఇక్కడ తాళం ఆగలేదు. పాడే అబ్బాయి చరణంలోకి వెళ్ళిపోయాడు, నా బిట్టు వెళ్ళి అతని గొంతు మీద పడింది.

మాస్టరు కోప్పడలేదు. "బేటీ, చేయి మంచిగుంది. గాని పెండ్లిల నువ్వు గిట్ల నిలిచి మళ్ళ మొదలువెడ్తె జనం నీ కోసం నిలుస్తరా? ఇంట్ల సాధన చేస్కొని ఇంకొక్కసారి రా. అప్పుడు గూడ గిట్లనే అయితే వేరేటోళ్ళను చూస్కుంట," అన్నాడు.

ఇంటికొచ్చి సాధన మొదలుపెట్టాను. మాకూ తాయమ్మక్క వాళ్ళకూ మధ్య ఒకే గోడ. వాళ్ళాయన ఈరన్న గనిలోకి దిగే మనిషి, రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటాడు. అందుకని తీగల మీద కమాను తేలిగ్గా ఆనించి, చిన్నగా వాయించేదాన్ని. తప్పొచ్చిన చోట ఆగడం, వెనక్కి వెళ్ళడం, మళ్ళీ అక్కడికే రావడం. ఒకరోజు తాయమ్మక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇక వాయించవద్దంటుందనుకున్నాను.

"చెల్లె, ఒక మాట చెప్త, బేజారు చేస్కోకు," అంది. "మా ఆయనకు నీ వయొలిన్‌తోని ఏం తకరార్ లేదు. గాని నువ్వు ఒక్క తానకు వచ్చి నిలుస్తవ్, మళ్ళ వెనుకకు పోతవ్. ముందర ఏముందో అని ఆయన కండ్లు తెరుసుకొని పండుకుంటున్నడు. ఒక్కసారన్న ఆఖరు దాంక వాయించు. ఆయనకు నిద్ర పడ్తది."

ఆ పూట నుంచి తప్పొచ్చినా సరే చివరి దాకా వాయించడం మొదలుపెట్టాను. ఎంత కష్టమనుకున్నావు. నా చెయ్యి దానంతటదే వెనక్కి లాగేది, తప్పు పంటి కింద రాయిలా ఉండిపోయేది. అయినా పాట ముగించేదాన్ని. కాసేపటికి గోడ అవతల నుంచి గురక వినిపించేది. సభలో చప్పట్లు పడ్డా నాకు అంత ధైర్యం వచ్చేది కాదు.

మొన్న మళ్ళీ లింగసుగూరు వెళ్ళాను. అదే పాట, అదే బల్ల, వేలు కూడా సరిగ్గా అదే చోట జారింది. ఈసారి ఆగలేదు. బిట్టు పూర్తి చేసి, చరణం పాడే అబ్బాయికి చోటు ఇచ్చాను. పాట అయ్యాక మాస్టరు, "తప్పినవ్ గదా?" అన్నాడు. అవునన్నాను. "నాకు తెల్సింది, పెండ్లోళ్ళకు తెల్వదు. నిలువలేదు, గది చాలు. శుక్రారం జాలహళ్ళిల పెండ్లి ఉంది, రా," అన్నాడు.

అక్కా, నన్ను తీసుకున్నారు. నీ మరిది సంతోషంతో కిలో జిలేబీ తెచ్చి, సగం తాయమ్మక్క వాళ్ళింట్లో ఇచ్చి వచ్చారు. వీలైతే రెండు జతల తీగలు, కాస్త గోంగూర పచ్చడి పార్సిల్ చెయ్యి. తీగలు ఇక్కడ దొరకవు. పచ్చడి లేకపోయినా బతకగలను గానీ, పంపితే మరీ సంతోషం.

ఇంకొక్క మాట. మొన్న వేలు జారినప్పుడు, వాయిస్తూనే కుడివైపు చూశాను. పాఠం చెప్పేటప్పుడు నువ్వు కూర్చునే వైపు. అక్కడ స్పీకరు పెట్టెలున్నాయి. చోటు దొరికినందుకు ఎంత సంతోషపడ్డానో, బస్సులో కూర్చున్నాక అంత ఏడుపొచ్చింది. ఇక్కడ అందరూ మంచివాళ్ళే, నా తప్పును ఊరికే పోనిస్తారు. దిద్దేవాళ్ళే లేరు.

అమ్మకు నా పాదనమస్కారాలు, బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. శుక్రవారానికి నీ దీవెన కావాలి. దసరా సెలవులకు నేను వచ్చినప్పుడు మాత్రం దీవించకు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తప్పిన చోట తాళం ఆపి, మళ్ళీ మొదటి నుంచి వాయించమను.

నీ చెల్లెలు
సరళ