పసిగుడ్డుకి వేన్నీళ్ళు

జగ్గయ్యపేట,
20-10-85

అమ్మా ప్రమీలా,

ఇక్కడ మేం కులాసా. పురిటికి వస్తే వేన్నీళ్ళ కోసం పొయ్యి ఊదలేక అమ్మ ఆయాసపడుతుందనీ, హైదరాబాదులోనే ఉండిపోతాననీ రాశావు. ఆ బెంగ పెట్టుకోకు. నందిగామలో చిన్న గీజరు కొని పెరట్లో పంపుకి బిగించాం. దానికి ట్యాంకు ఉండదు, నీళ్ళు అందులోంచి పారుతూనే వేడెక్కుతాయి. కానీ పొలాల్లో మోటార్లు ఆడే వేళకి ఓల్టేజి పడిపోయి గోరువెచ్చగానే వస్తున్నాయి. నాకు ఒళ్ళు మండి ఊడదీయబోతే మీ అమ్మ ఆపింది. "ఉండనీయండి, సగం పని అది చేస్తందిగా" అంటూ ఆ నీళ్ళే పట్టి రాగి కాగులో పోసింది. ఇప్పుడు నాలుగు పత్తికట్టె పుల్లలకే కాగు మసులుతోంది.

అల్లుడిగారికి సెలవు ఎప్పుడు దొరికేదీ, ఏ బస్సుకి వచ్చేదీ రాయి. పాత మెత్తటి చీరలుంటే తెచ్చుకో. మీ అత్తగారికి, మామగారికి మా నమస్కారాలు.

నిన్న మీ అమ్మ పీట మీద కూర్చుని, బిడ్డని వేసుకున్నట్టే కాళ్ళు చాపుకుని, కాగులో నీళ్ళకి చన్నీళ్ళు కలిపి తన కాళ్ళ మీదే పోసుకు చూసింది. పసిగుడ్డుకి సరిపోతాయట.

దీవెనలతో,
నాన్న